రాణి ఒక్కర్తే నడవదు

శుక్రవారం రాత్రి, పాడేరు హాస్టల్

కత్తి పట్టి కోటను కాపాడుకున్న ఆ పాతకాలం రాణి వేషం రేపటి నాటకంలో నాదే. ఈరోజు రిహార్సల్లో సైనికుల వేషం కట్టిన మా హాస్టల్ గుంటలు అలవాటుకొద్దీ థింసా ఆడినట్టు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపేశారు. నేనూ మధ్యలో దూరిపోయాను.

"రాణి ముందు ఒక్కర్తే నడవాలి! ఇదేటి, సంతలో డాన్సా?" అని టీచరుగారు కేకలేశారు. రేపూ ఇలాగే చేస్తే నా వేషం ఇంకొకర్తికి ఇచ్చేస్తారంట.

ఏడుపొచ్చింది. ఆ కిరీటమంటే నాకెంత ఇష్టమో. అయినా అంత యుద్ధం ఆ రాణి ఒక్కర్తే గెలిచిందేటి? మా ఊళ్ళో థింసా వరసలో ఎవరు తూలినా పక్కవాళ్ళు కింద పడనివ్వరు.

కిరీటం లాక్కుంటే లాక్కోమను. రేపు నేను ఆ వరసలోనే వస్తాను. మా చేతులు విడదీయమను, చూద్దాం.