ఫొటోలో మీ భుజంమీద చెయ్యి

అంకుల్, నమస్తే. మీరు పోయి నెల దాటింది. అక్కడ కూడా మీరు ఓనరేనా, లేక మాలాగా కిరాయికా?

ఇక్కడ మేమింకా తేరుకోలేదు. మీరు పోయినందుకే కాదు... తర్వాత తెలిసిన సంగతికి.

పెద్దకర్మకు ఫొటో కావాలంది ఆంటీ. కెమెరా చూస్తే గేటు వెనక్కి పోయే మహానుభావులు మీరు. ఇంట్లో ఉన్నది పెళ్ళినాటి ఫొటో ఒక్కటే. దానికి దండ వేస్తే, ఎవరో కుర్రాడు పోయాడనుకుని జనం మరింత ఏడుస్తారు. దాంతో ఈసీఈ చదువుతున్న పాపానికి ఆ భారం నా నెత్తిన పడింది.

నా ఫోన్లో ఎల్‌బీ నగర్ వంటావార్పు వీడియో దొరికింది. రోడ్డుమీదే పొయ్యిలు, అన్నం గుండిగలు, మావాళ్ళ నినాదాలు. ఓ మూలన బియ్యపు గింజంత మసక. తల వాల్చిన తీరు చూసి అది మీరేనంది ఆంటీ. నేను నవ్వేశాను. ఆ సాయంత్రం నాన్నకు వినబడేలా గేటు దగ్గర మీరన్న మాట మరిచిపోతానా?

"రోడ్డుమీద కూర్చుని తినే ఖర్మ నాకేంట్రా ఇంజినీరూ? మా ఇంట్లో పొయ్యి లేదా?"

ప్రత్యేక రాష్ట్రం గొడవ మొదలయ్యాక మీరూ నాన్నా మాట్లాడుకున్నది నీళ్ళ మోటార్ స్విచ్ ఆపడం గురించే. అదీ నా ద్వారానే!

ఒక్క ఫ్రేమును పెద్దది చేస్తే గళ్ళు పెద్దవవుతాయి తప్ప ముఖం రాదు. కానీ నా చెయ్యి వణికింది కాబట్టి ప్రతి ఫ్రేములోనూ మసక కాస్త కాస్త తేడాగా పడింది. వాటన్నిటినీ జరిపి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చి, సగటు తీశాను. అలా చేస్తే కదిలేవి చెరిగిపోతాయి, కదలనివి తేటపడతాయి.

జనమంతా పొగలా కరిగిపోయారు అంకుల్. ఇద్దరే మిగిలారు. చేతిలో విస్తరాకుతో, నోరంతా తెరిచి నవ్వుతూ మీరు. మీ భుజంమీద చెయ్యి వేసి... మా నాన్న!

వీడియో నడిచినంతసేపూ ఆ చెయ్యి తీయలేదు. ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?

ఆ రోజు ఆకలి లేదని అన్నం మానేశారట, ఆంటీకిప్పుడు గుర్తొచ్చింది. నాన్నను అడిగితే, "ఎవ్వరికి చెప్పొద్దని మాట తీస్కున్నడు" అని గోడవైపు తిరిగాడు. మీరు పోయిన రోజు కూడా ఆయన అందరికంటే వెనకే నిలబడ్డాడు, పరాయివాడిలా...

మీవరకే కత్తిరించినా చెయ్యి మిగిలింది. తుడిచేయొచ్చు. కానీ దానికింద మీ భుజం ఎలా ఉందో ఏ ఫ్రేములోనూ లేదు, నేనే కల్పించాలి. ఆంటీ వద్దంది. ఉండనిమ్మంది.

దండ వేశాక కూడా ఆ చెయ్యి కనబడుతూనే ఉంది. ఎవరిదని మీ గుంటూరు చుట్టాలు అడిగారు. నాన్న ఆ చెయ్యే జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

నేను చెప్పలేదు. చెప్పను కూడా.

మోటార్ టైముకు ఆపుతాను అంకుల్.

మీ మేడమీది ఇంజినీరు