వంటగదీ, దానితోపాటు ఒక మనిషీ

ఈ వీధిలో పార్టీ అత్తయ్యగా పిల్లా పెద్దా అందరికీ తెలిసిన నేను, వయసు అరవై ఆరు, వృత్తి ఇంట్లోనే ఉండి సెలవులకూ పుట్టినరోజులకూ నలుగురు చేరే చిన్న విందులకూ వండి ఇవ్వడం, పూర్తి స్పృహలో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. మతి పోయిందని మా అమ్మాయి అంటోంది. దాని మాటకు కాగితం లేదు కాబట్టి డాక్టరుగారి మాటే చెల్లుతుంది. కడుపులో గడ్డ ఉన్నమాట నిజమే గానీ అది తలదాకా రాలేదు. ఈ ఏడాది చివరి సెలవులదాకా ఉంటానా అని అడిగితే ఆయన నేరుగా జవాబు చెప్పలేదు. "కొత్త ఆర్డర్లు ఒప్పుకోకండమ్మా" అన్నారు. నాకు అర్థమైంది.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

1. నాకున్న స్థిరాస్తి ఈ ఇల్లు ఒక్కటే. ముందు గది, పడక గది, వెనక వంటగది, పైన రెండు గదుల వాటా. ఇది నా స్వార్జితం. పిండి పిసికిన చేతులతో కట్టుకున్నాను. నా మాజీ భర్తకు ఇందులో ఏ హక్కూ లేదని విడాకులనాడే కోర్టువారు రాశారు, ఆయనా సంతకం పెట్టాడు. ఆయన్ని ఇకమీదట ఈ పత్రంలో మెకానిక్ అంటాను. మొగుడు అనడానికి వీల్లేదు, పరాయివాడు అనడానికి నోరు రాదు.

2. వంటగదిలోని ఓవెన్ సంగతి. మెకానిక్ వృత్తి ఫ్రిజ్జులు బాగుచేయడం. చల్లబరిచే పని నేర్చిన మనిషి, పెళ్లయిన కొత్తలో నాకోసం వేడిపెట్టె చేశాడు. పాత ఇనప బీరువాని సగానికి కోసి, లోపల ఇటుక పేర్చి, కాయిల్స్ బిగించాడు. దాన్ని లోపల నిలబెట్టాకే వంటగది గోడ లేపాం. కాబట్టి గోడ కూల్చకుండా అది బయటికి రాదు. వంటగది ఎవరిదైతే ఓవెన్ వారిదే. దానికి ఎడమవైపు కోపం ఎక్కువ. ట్రే సగంలో తిప్పకపోతే ఒక వరస బిస్కెట్లు మాడతాయి, ఒక వరస తెల్లబోయి చూస్తుంటాయి.

మా అమ్మాయికి పదకొండో ఏడు నడుస్తుండగా, కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఒకావిడ తన కొడుకు పుట్టినరోజుకి వెనీలా కేకు చెప్పింది. భర్త పోయిన మనిషి. "అక్కా, మీ చేతి కేకే కావాలి" అంది. నాకు తీరిక లేక మెకానిక్ చేతికిచ్చి పంపాను. కేకు ఇచ్చి రమ్మంటే మనసు కూడా ఇచ్చి వచ్చాడు. ఏడాది తిరక్కుండా కాపురం ఆవిడింటికి మార్చాడు. తర్వాత కూడా ఆవిడ నేను ఎక్కడ కనిపించినా "అక్కా" అనడం మానలేదు. ఆ పిలుపుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

3. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా తమ్ముడిది. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వాడికి ఇంకా ప్రతివాణ్ణీ ముందుకు జరగమనే అలవాటు పోలేదు. మెకానిక్ వెళ్లిపోయిననాడు నన్నూ జరగమన్నాడు. "సర్దుకుపోవే అక్కా, మగాడన్నాక..." అని ఇంకా ఏదో అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదని ఇక్కడ రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. ఏటా సెలవుల విందుకి షాపులో కొన్న కేకు తెచ్చి, నా కేకు పక్కన పెట్టి "రెండూ బాగున్నాయి" అంటాడు. అది కూడా మర్చిపోలేదు. అయినా చెప్పిన పని చెప్పినట్టు చేసేది వాడొక్కడే. నా రంపపు పళ్ల కత్తి, బ్రెడ్డు నలగకుండా కోసేది, వాడికి ఇస్తున్నాను. దాంతో షాపు కేకు కోయకూడదు.

4. మెకానిక్ వెళ్లిన ఏడాది సెలవులొచ్చాయి. ఒప్పుకున్న పార్టీలు ఎదురుగా ఉన్నాయి, పిండి పొంగుతోంది, ఓవెన్ కాయిల్ మాడిపోయింది. పిలిచిన ఎలక్ట్రీషియన్ తలుపు తీసి చూసి, "ఇది బీరువానా, ఓవెనా?" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆకలికి అభిమానం తెలియదంటారు, అప్పుడు నాకూ అదే. తమ్ముణ్ణి పంపి మెకానిక్‌ని పిలిపించాను. వచ్చాడు. నావైపు చూడకుండా కాయిల్ మార్చాడు. చేతులు కడుక్కున్నాడు. బల్లమీద పొంగిన పిండి చూశాడు. ఒక్క నిమిషం నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఆనాటినుంచి ఏటా సెలవులకి ఆయన వచ్చేవాడు. ముద్దలు చేసి బ్రెడ్డు కాల్చడం ఆయన వంతు, పైపూతా అలంకారం నా వంతు. "ఉప్పు?" "వేశా." "తిప్పనా?" "ఇంకాసేపు." ముప్పై ఏళ్లుగా మేం మాట్లాడుకున్నదంతా కలిపితే ఒక వంటల పుస్తకం అవుతుంది, ఒక కాపురం కాదు. వీధిలో వాళ్లు మళ్లీ కలిశారట అనుకున్నారు. కలవలేదు. పని అయిపోగానే సంచీ తీసుకుని ఆవిడ దగ్గరికే వెళ్లేవాడు. కాపురంలో నిలబడలేని మనిషి పిండి దగ్గర నిలబడ్డాడు. నాకు దక్కింది అంతే. దాన్ని తక్కువని నేనెన్నడూ ఎవరితో అనలేదు. ఇవాళా అనను.

5. మూడేళ్ల కిందట చక్కెర బదులు ఉప్పు పోశాడు. పొరపాటనుకున్నాను. మరుసటి ఏడు, స్విచ్ వేయని ఓవెన్‌లో ట్రే పెట్టి దానిముందు కూర్చుని ఎదురుచూస్తున్నాడు. "స్విచ్ వెయ్యలేదు కదా" అంటే, "వేసేశానే, నువ్వే చూసుకోలేదు" అని నామీద కోప్పడ్డాడు. కాపురం చేసిన రోజుల్లో లాగా కోప్పడ్డాడు. నాకప్పుడు భయమేసింది.

కిందటి ఏడు సెలవులు ఇంకా చాలా దూరం ఉండగా, ఒక మధ్యాహ్నం వచ్చి వంటగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. "ఇవాళ ఎవరి పార్టీ?" అన్నాడు. ఎవరిదీ కాదన్నాను. "మరి పిండి ఏదీ?" అన్నాడు. కాస్త కలిపి ముందుపెట్టాను. కాసేపటికి ఆయన్ని వెతుక్కుంటూ కళ్లజోళ్లావిడ వచ్చింది. రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు. చెమటకి కళ్లద్దాలు జారిపోతున్నాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే ముప్పై ఏళ్లలో ఎన్నడూ నా గుమ్మం దాటలేదు.

ఆయన తలెత్తి ఆవిణ్ణి చూశాడు. మర్యాదగా లేచి నిలబడి, "ఏం కేకు కావాలమ్మా?" అన్నాడు.

ఆవిడ నావైపు చూసింది. ఆవిడ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడుచుకున్నది అద్దాలేనా అని నేను చూడలేదు. "వెనీలా అండీ," అంది. "మా అబ్బాయి పుట్టినరోజుకి."

"ఏమోయ్, రాసుకో," అన్నాడు నాతో. "ఈవిడ ఆర్డరు నేనే తీసుకెళ్లి ఇస్తాలే."

నా జన్మలో నేను ఎవరినైనా ఉసూరుమనిపించాలని కోరుకున్నానంటే అది ఆవిణ్ణే. ఆ కోరిక నా కళ్లముందే తీరింది. తీరాక చూస్తే అందులో తినడానికేమీ లేదు.

6. అందుచేత, ఈ ఇంట్లో ముందు గది, పడక గది, ఓవెన్‌తో సహా వంటగది, నా తదనంతరం కళ్లజోళ్లావిడ తన జీవితకాలం అనుభవించే హక్కుతో దఖలు పడాలని రాయిస్తున్నాను. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఆవిడకు లేదు. ఇప్పుడు వాళ్లుంటున్నది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. ఆవిడ కొడుకు ఓడల్లో ఉద్యోగం, ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి. ఆ ఇంట్లోంచి మెకానిక్ రోజూ "ఇంటికి వెళ్తాను" అని బయల్దేరుతున్నాడు. దారిలో తప్పిపోతున్నాడు. ఒకసారి బస్ డిపోలో దొరికాడు, ఒకసారి మురిక్కాలవ పక్కన. ఈ వంటగదిలో కూర్చోబెడితే మాత్రం గుమ్మం దాటడు. ఆయన మతిలో మిగిలిన ఇల్లు ఇదొక్కటే. మనిషిని ఇల్లు మార్చలేం గనక, ఇంటినే ఇస్తున్నాను. ఇల్లు తీసుకున్నవారు మనిషినీ తీసుకోవాలి. ఇదే షరతు.

ఈ మాట ఆవిడకి చెప్పాను. "ఆయనకి నేను గుర్తులేను, అక్కా" అంది. "పోనీలే, కస్టమరుగా ఉండు. కస్టమరంటే ఆయనకి మహా మర్యాద" అన్నాను. ఇద్దరం నవ్వబోయాం గానీ నవ్వు రాలేదు.

7. మా అమ్మాయి పళ్ల డాక్టరు. నేను ఊరందరి పళ్లూ చెడగొడతాను, అది బాగుచేస్తుంది. పై వాటా వెంటనే, కింది భాగం కళ్లజోళ్లావిడ తదనంతరం, దానవిక్రయాది సర్వహక్కులతో దానికే చెందుతాయి. దీనికి అది ఒప్పుకోవడం లేదు. "వంటిల్లు తీసుకెళ్లి ఆవిడకిస్తావా? రేపు నీ ఫొటో దించి అవతల పారేస్తుంది" అంది. నా ఫొటో వంటింట్లో పెట్టనే వద్దన్నాను, జిడ్డు పడుతుంది. "ఆ మనిషి నా పదకొండో ఏట పోయాడమ్మా. నా లెక్కలో ఎప్పుడో పోయాడు" అని తలుపు విసురుగా వేసి వెళ్లింది. దాని కోపం న్యాయమైనదే. దాన్ని తగ్గించుకోమని నేను రాయించను.

రేకు అచ్చులన్నీ దానికి ఇస్తున్నాను. ఏటా దాని పుట్టినరోజుకి వాళ్ల నాన్న ఫ్రిజ్జు రేకు కోసి, వంచి, ఒక కొత్త అచ్చు చేసేవాడు. పిచ్చుక, పడవ, తాళంచెవి, రైలింజను. చివరిది సైకిలు. ఒక చక్రం వంచి, రెండోది వంచకముందే వెళ్లిపోయాడు. ఆ సగం సైకిలుని నేను అటకమీద పడేశాను. ఈమధ్య ఆయన అదీ ఇదీ వెతుకుతూ దాన్ని కిందికి దించాడు. బల్లమీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పాప పుట్టినరోజు దాటిపోయిందా?" అని అడిగాడు. లేదన్నాను. కటింగ్ ప్లేయరు అడిగి తీసుకున్నాడు. రెండో చక్రం వంకరగా వచ్చింది. అయినా అతికించాడు. అమ్మాయీ, అది కూడా మిగతావాటితోపాటే పెట్టెలో ఉంది. వాడమని అడగను. పారేయాలనిపిస్తే, ఒకసారి చేత్తో పట్టుకుని చూశాక పారెయ్యి.

8. నా తర్వాత వచ్చే మొదటి సెలవులకి ఈ ఇంట్లో విందు జరగాలి. దానికి ఎవరు వండినా ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. పదిమందిని పిలిస్తే పదిహేనుమందికి వండండి. కేకు ముందురోజే కాల్చి పెట్టుకోండి, క్రీము ఆరోజు రాయండి. నిలబడి తినేవాళ్లకి ఒక చేతిలో గ్లాసు ఉంటుంది కాబట్టి, రెండో చేత్తో పట్టుకుని తినగలిగినవే చేయండి: బంగాళాదుంప కూరిన చిన్న బన్నులు, వెల్లుల్లి వెన్న రాసి కాల్చిన బ్రెడ్డు ముక్కలు, పుల్లకి గుచ్చిన పళ్లు. సూపు టీ గ్లాసుల్లో పోయండి, చలికి చేతులు కూడా వెచ్చబడతాయి. మిగలముగ్గిన అరటిపళ్లు పారేయకండి, వాటితో చేసిన కేకుకి అలంకారం అక్కర్లేదు. పిల్లలకి ముందు పెట్టండి. ఏడుస్తున్న పిల్లల మధ్య పెద్దవాళ్లకి ఏదీ రుచించదు. చివర్లో ఎవరూ తీసుకోని ఆఖరి ముక్క ఉంటుంది, అది వండినవాళ్లది.

మా అమ్మాయి ఆ విందుకి రావాలని షరతు పెట్టను. షరతు పెడితే వచ్చేవాళ్లు తినడానికి రారు, సంతకానికి వస్తారు. అల్లుడు మాత్రం పిలవకపోయినా వస్తాడు. వాడికి నా పెద్ద గిన్నె.

9. ఆఖరుగా, కళ్లజోళ్లావిడకీ, మా తమ్ముడికీ, ఈ ఇంట్లో అడుగుపెట్టే ప్రతివారికీ. నేను పోయిన సంగతి మెకానిక్‌కి చెప్పకూడదు. చెబితే ఏడుస్తాడు. మరిచిపోతాడు. మళ్లీ అడుగుతాడు. మళ్లీ చెప్పాలి, మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడవాలి. నేను పోయేది ఒక్కసారే. దానికి ఒక ముసలాయన రోజూ ఏడవడం న్యాయం కాదు. పైగా, మొదటిసారి నన్ను విడిచి వెళ్లినప్పుడు ఆయన ఏడవలేదు. ఇప్పుడు కొత్తగా బాకీ తీర్చక్కర్లేదు.

"ఏదీ, అది ఎక్కడికెళ్లింది?" అని అడిగితే, వెన్న అయిపోయింది, కొనడానికి వెళ్లిందని చెప్పండి. ఇంత ఆలస్యమేమిటంటే, సెలవులు కదా, షాపులో జనం ఎక్కువగా ఉన్నారట అనండి. అని, పిండి ఆయన ముందుకి జరపండి.

పైన రాయించినదంతా చదివించుకుని విని, నా మనసులో ఉన్నట్టే ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: అక్టోబరు తొమ్మిది, గురువారం.

(సంతకం) పార్టీ అత్తయ్య, వీలుకర్త

సాక్షులు:
ఒకటి, ఎదురింటి లేడీస్ టైలరు.
రెండు, వీధి చివర కిరాణా కొట్టాయన.

రాసినది: రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో కూర్చునే దస్తావేజు లేఖరి.