పట్టు పరుపు మీద నా చోటు

శుక్రవారం రాత్రి, కలకత్తా మెయిలు, నౌకర్ల పెట్టె

జమీందారుగారి రైలు పెట్టెలో పట్టు పరుపులు, నిలువుటద్దాలు, మంచుగడ్డలు వేసిన సోడాలు! తోవలో దొరలతో ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను వెంట తెచ్చుకున్నారు. మిషన్ బడి పంతులు ఫస్టు క్లాసులో కలకత్తా వెళ్తున్నాడని రాజమహేంద్రవరంలో మా చర్చి అంతా ఒకటే చెప్పుకోవడం.

వాల్తేరులో ఒక దొర ఎక్కాడు. విజయనగరం దాకా అతని పక్కనే కూర్చుని ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేశాను. దొర దిగగానే జమీందారుగారు, "భలే మాట్లాడారండీ మేష్టారూ! ఇక నౌకర్ల పెట్టెలోకి వెళ్ళండి, మా భోజనాల వేళయింది" అన్నారు.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. వంటాయన నేను కూర్చున్న చోట పసుపునీళ్ళు చల్లుతున్నాడు. మా తాత ఏ పేటవాడో వీళ్ళు మరిచిపోలేదు. సరే. మరి ఆ పరుపు మీదే దొర డబ్బా విప్పి గొడ్డుమాంసం తిన్నాడే! అతని వైపు ఒక్క చుక్క పడలేదు.

రేపు కటకంలో ఇంకో దొర ఎక్కుతాడట. మళ్ళీ నా చోట్లోనే కూర్చోవాలి.

ఇంటికెళ్ళగానే మా మార్తమ్మ, "ఆ పరుపు మెత్తగా ఉందాండీ?" అని అడుగుతుంది. తడిగా ఉందని చెప్పనా?