నలభై వాట్ల గొంతు

1976 ఆగస్టు 6, శుక్రవారం

నమాజు అయ్యాక మసీదు కమిటీ ప్రెసిడెంటు చాంద్‌బాషా గారు నన్ను పక్కకి పిలిచారు. పీర్‌సాహెబ్ అజాన్ బస్టాండు దాకా కూడా రావట్లేదయ్యా సలాం, రంజానుకి బెజవాడ నుంచి గట్టి గొంతున్న మనిషిని తెప్పిద్దామనుకుంటున్నాం, ఏమీ అనుకోకు అన్నారు. అనుకోక ఏం చేయను? పీర్‌సాహెబ్ అంటే మా నాన్న. నేను పుట్టకముందు నుంచీ ఆ మసీదులో అజాన్ ఇస్తున్నాడు. అది కాస్తా తీసేస్తే ఆయన తెల్లవారి లేచి ఏం చేస్తాడు?

నోరు జారాను. నాకు రేడియో రిపేరు షాపుంది కదా, నెలపొడుపులోగా మైక్ సెట్టు నేనే కట్టి బిగిస్తాను, అప్పుడు చూడండి అన్నాను. సరే అన్నారు. రేడియోలు బాగుచేశానే గాని ఆంప్లిఫయర్ ఇంతవరకూ ఒక్కటీ కట్టలేదు.

ఆగస్టు 9

బెజవాడ వెళ్ళాను. బుర్ర చెడింది. బస్టాండు దాటాలంటే నలభై వాట్లయినా ఉండాలి. మొదటి షాపులో వాల్వులే కొనమన్నాడు. పక్క షాపులో వాల్వుల కాలం పోయింది, ట్రాన్సిస్టర్లు పెట్టు అన్నాడు. మూడో అతను ఏవైనా ఒకటేనండి, కిటుకంతా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది అన్నాడు. నాలుగో అతను పైన కట్టే మైకు హారన్ మంచిది కాకపోతే ఏం పెట్టినా దండగన్నాడు. ఎవరిని నమ్మాలి?

చివరికి వాల్వులే కొన్నాను. ఎందుకంటే అవి వెలుగుతాయి. పనిచేస్తున్నదీ లేనిదీ కంటికి కనబడుతుంది. ఇదీ ఒక కారణమేనా? ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మూసేసిన టూరింగ్ టాకీసు సెట్టులోది, పెద్దది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే దీనికీ టికెట్టు కొట్టమంటారా అని కండక్టర్ అడిగాడు.

ఆగస్టు 15

గుయ్‌మంటోంది. ఎర్తు మార్చినా గుయ్. వైర్లు మార్చినా గుయ్.

ఆగస్టు 16

పోయింది. ఆ గుయ్ ఎందుకు పోయిందో తెలియదు. ఇక ముట్టుకోను.

ఆగస్టు 20

పగలు బాగా పలుకుతుంది. సాయంత్రమైతే మూలుగుతుంది. మీటరు పెట్టి చూస్తే నూట డెబ్బై వోల్టులే. వానల్లేవు. ఎ.కొండూరు దాకా చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారే ఆడుతుంటే ఊరికి కరెంటు మిగిలితేగా! రోజా ఉపవాసం విడిచే అజాన్ సాయంత్రానిదే. అది మూలిగితే ఇంత కష్టపడి ఏం లాభం?

బూస్టర్ కట్టి వోల్టేజీ పైకి తోశాను. వాల్వుల మీద రాసినదానికంటే ఇంకాస్త ఎక్కువే ఇచ్చాను. గొంతు లేచింది. లైన్‌మన్ హనుమయ్య చూసి, అంత తొక్కితే తట్టుకోదు సలాం, మాడిపోద్ది అన్నాడు. ఆయనకేం, స్తంభం దిగి ఇంటికి పోతాడు.

ఆగస్టు 27, శుక్రవారం

నెలపొడుపు కనబడింది. రేపటి నుంచి రోజాలు.

సాయంత్రం మగ్రిబ్ అజాన్ మొదటిసారి మైక్‌లో. నేను కావాలని బస్టాండుకి పోయి నిలబడ్డాను. వినిపించింది. బెజవాడ బస్సు రొద మీదుగా నాన్న గొంతు వచ్చింది. ఏడుపు ఆగలేదు. ఎవరైనా చూస్తారని సోడా కొట్టించుకుని తాగాను.

ఇంటికొస్తే నాన్న ముఖం అదోలా ఉంది. అది నా గొంతు కాదురా, ఎవరో తిరిగి నన్నే పిలుస్తున్నట్టుంది అన్నాడు. ఇది మెచ్చుకోవడమా, తిట్టడమా?

సెప్టెంబరు 2

చాంద్‌బాషా గారు షాపుకి వచ్చారు. సెట్టు అదిరిందన్నారు. అని, కూర్చున్నారు. లేవరు. చివరికి బయటపెట్టారు. ఇదివరకు పీర్‌సాహెబ్ వినబట్టంలేదనే అనుకున్నాం, ఇప్పుడు ఆ దగ్గూ ఆయాసం వణుకూ అన్నీ ఊరంతా వినబడుతున్నాయి, పెద్దాయన్ని ఎందుకండీ కష్టపెడతారని జనం నన్నడుగుతున్నారు అన్నారు.

అంటే వినబడకపోయినా తప్పే, వినబడినా తప్పే. వాల్యూము తగ్గిస్తే బస్టాండుకి పోదు. పెంచితే దగ్గూ పెరుగుతుంది. దగ్గుని వదిలేసి గొంతొక్కదాన్నే పెంచే వాల్వు ఎక్కడ అమ్ముతారు?

సెప్టెంబరు 9

వాన. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. ఊరంతా సంతోషం. అందరితోపాటు నేనూ వీధిలోకొచ్చి తడిశాను, మొద్దు వెధవని. వాన పడితే రైతులు మోటార్లు కట్టేస్తారు. మోటార్లు ఆగితే వోల్టేజీ ఎగబాకుతుంది. తిరువూరులో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? బూస్టర్ని ఆఖరి మెట్టు మీదే వదిలేశాను.

సాయంత్రం అజాన్‌కి నాన్న మొదటి మాట అన్నాడో లేదో వాల్వులు తెల్లగా మండి టప్పుమన్నాయి. గదంతా పొగ. నాన్న ఆగలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చెవులకి చేతులానించి ఉత్త గొంతుతోనే ఇచ్చాడు. ఒక్క దగ్గు రాలేదు. ఆ పొగలో నిలబడి విన్నాను. ఆయన అంత బాగా ఇవ్వగా నేనెప్పుడూ వినలేదు.

కానీ వాన హోరులో అది వీధి దాటలేదు. ఇళ్ళల్లో అందరూ ఖర్జూరం చేత పట్టుకుని మైక్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నారట. ఈ కొద్దిరోజులకే గడియారం చూసుకోవడం కూడా మానేశారు. మా అమ్మా అంతే. నేను తడుస్తూ పరిగెత్తుకెళ్ళి చెబితేనే గుక్కెడు నీళ్ళు తాగింది.

సెప్టెంబరు 10

కమిటీ కూర్చుంది. అజాన్ వేళకే అయింది, తప్పంతా నా బూస్టర్‌ది, నాన్నది కాదు అన్నాను. చాంద్‌బాషా గారు ఎంతో మర్యాదగా, మెషీన్‌దేముందయ్యా, బాగుచేసుకోవచ్చు అన్నారు. సెట్టు ఉంచుకుంటారట. నాన్నని విశ్రాంతి తీసుకోమన్నారు.

నాన్నని ఉంచడానికి కదా సెట్టు కట్టాను? సెట్టు ఉంది, నాన్న లేడు. ఎక్కడ తిరగబడింది ఇది?

విప్పుకుపోతానని అరిచి వచ్చేశాను. నాన్న మాత్రం, రంజాను మనింటికొక్కదానికే వచ్చిందేంట్రా, పోయి బాగుచెయ్ అన్నాడు.

సెప్టెంబరు 14

కొత్త వాల్వులు వేశాను. రాసినంతే ఇచ్చాను. చేతులు పనిచేస్తున్నాయి, మనసు రావడం లేదు.

సెప్టెంబరు 17, శుక్రవారం

బెజవాడ మనిషి అజాన్ ఇచ్చాడు. బస్టాండేమిటి, ఆ పైదాకా పోయిందట. సెట్టు భలే కట్టావని ఎవరో నా భుజం తట్టారు.

నాన్న నా పక్కనే చాప మీద కూర్చున్నాడు. హారన్ కంటే ఒక మాట ముందుగా ఆయన పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.