ఇంజన్ ఆగితే సున్నా

అక్టోబర్ 20, సోమవారం. ఉదయం 7:10
మావయ్య పసుపు వ్యాన్ అరవై దాటనంటోంది! మీటర్ల మధ్య నారింజ దీపం. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ గుర్తు.

నిన్ననే కదా, శనివారం పోటీలకు పిల్లలు క్షేమంగా వెళ్లి రావాలని మాల్‌సూన్ పెద్దమ్మ బానెట్ కింద ఎండుచేప కట్టించింది! వ్యాన్‌లో పిల్లలకు తోడుగా కూర్చునేది ఆవిడే. ఆమె వేళ్లకు పట్టు లేదని తెల్లదారం ముడి నేనే వేశాను. చేప అప్పుడే పని మొదలుపెట్టినట్టుంది.

గిల్‌హో మావయ్య తైక్వాండో మాస్టారు. శనివారం ఎనిమిదిన్నరకల్లా పదకొండు మంది పిల్లలతో పోటీలు జరిగే జొంజు నగరంలో ఉండాలి. బరువు తూచే వేళ దాటితే బరిలోకి రానివ్వరు. సందు చివరి గ్యారేజీ ఆయనేమో ఫిల్టర్ మార్చాలి, మూడు వారాలు పడుతుందన్నాడు.

"నువ్వు మోటారు కాలేజీలోనే కదే చదువుతున్నావు?" అన్నాడు మావయ్య.
"ఇంకా రెండో ఏడే, మావయ్యా."
"అయితే సగం వచ్చన్నమాట. ఆ సగంతోనే చూడు."

శపథం: కొలవకుండా ఏ వస్తువూ మార్చను. ఈ డైరీలో 'బహుశా' అని రాయను. ఎంత బద్ధకపు మాట అది!

21, మంగళవారం. సాయంత్రం 4:30
కాలేజీ నుంచి స్కానర్ తెచ్చాను. ఫిల్టర్ ముందు నుంచి ఒక రబ్బరు గొట్టం, వెనక నుంచి ఒకటి. రెండూ కలిసేచోట సెన్సర్. అటూ ఇటూ ఒత్తిడిలో తేడా చెబుతుంది. తేడా పెరిగితే మసి నిండినట్టు, అప్పుడు వ్యాన్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఇంజన్ ఆపితే మాత్రం సున్నా రావాలి.

ఇంజన్ ఆపాను. నాలుగు!

అంటే ఇక్కడ ఎవరో అబద్ధం చెబుతున్నారు! తర్వాత ఏం చెయ్యాలో నోట్సులో ఉంది: సెన్సర్ దగ్గర గొట్టాలు ఊడదీసి చూడు. సున్నా వస్తే సెన్సర్ మంచిదే, తప్పు గొట్టాలది. ఐదు నిమిషాల పని.

పిల్లల్ని దించే వేళైంది. రేపు చేస్తాను.

నేటి మాట: పీడనం. పలికితేనే బరువు తెలుస్తుంది.

22, బుధవారం. 5:15
వాన. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆకలి కూడా. పాతబళ్ల యార్డులో ఇలాంటి సెన్సరే దొరికింది, మార్చేశాను. శపథం చెడలేదు. నిన్న కొలిచింది ఇవాళ మార్చకూడదని ఎక్కడా రాసుకోలేదు.

గొట్టాలు కొత్తదానికి తగిలిస్తుంటే ఎండుచేప తోక చెంపకు గుచ్చుకుంది. పక్కకు నెట్టాను.

తాళం తిప్పితే సున్నా! ఇంత అందమైన అంకె ఇంకోటి లేదు. దీపం ఆరింది!

6:40
పిల్లల్ని దించి వచ్చేసరికి మళ్లీ నాలుగు. దీపం కూడా. యార్డు సెన్సర్ కూడా చెడిందే, బహుశా. (పెన్సిల్‌తో రాశాను. లెక్కలోకి రాదు.)

23, గురువారం. 5:50
ఉష్ణోగ్రత సెన్సర్ మార్చాను. కొలిచానా? చాలా మురికిగా కనిపించింది. చూడటమూ ఒక కొలతే. డీజిల్ ట్యాంకులో మసి కరిగించే మందు ఒక సీసా పోశాను. బహుశా పనిచేస్తుంది. బహుశా రేపటికి.

"డాక్టరమ్మా, రోగికి ఎలా ఉంది?" అంది పెద్దమ్మ.
"పరీక్షలు జరుగుతున్నాయి పెద్దమ్మా."
"మొన్న ఒక్క దీపమే. ఇవాళ కుయ్యిమని కూత కూడా. బాగానే నయం చేస్తున్నావు."

రెండో ఎండుచేప తెచ్చింది. ఇంజన్ శాస్త్రం చదువుతున్న నేను వద్దనలేదు. మొదటిదాని పక్కనే కట్టాను. ఇంకా గట్టిగా.

నేటి మాట లేదు. మాటల మీద మోజు పోయింది.

24, శుక్రవారం. ఉదయం 7:30
వ్యాన్ నలభై దాటడం లేదు. ఇంజన్ ఆపితే తొమ్మిది!

మావయ్య తమ్ముడి కారు అడిగి తెచ్చాడు. అందులో నలుగురు పడతారు. కాగితం మీద నాలుగు పేర్లు రాశాడు, చించేశాడు. మళ్లీ రాశాడు.
"ఏడాదిగా దీనికోసమే తన్నులు నేర్చుకుంటున్నారే. ఏడుగురిని ఇంట్లో ఉండమని ఎలా చెప్పను?"
నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

11:30
క్లాసు ఎగ్గొట్టాను. మంగళవారం వాయిదా వేసిన ఐదు నిమిషాల పని చేశాను. గొట్టాలు ఊడదీస్తే సున్నా. సెన్సర్ మంచిదే. పాత సెన్సర్ పెట్టి చూశాను, అదీ మంచిదే.

వెనక గొట్టంలోకి ఊదాను, గాలి వెళ్లింది. ముందు గొట్టంలో వెళ్లలేదు. చేత్తో తడుముకుంటూ కిందికి వెళ్లాను. తెల్లదారం! రెండు ముడులు, రెండు చేపలు. నేను చేపలు కట్టింది ఈ గొట్టానికే! ముడుల మధ్య రబ్బరు చిటికెన వేలి కంటే సన్నగా నొక్కుకుపోయి ఉంది. లోపల చిక్కుకున్న గాలే ఇంజన్ సెగకు ఉబ్బి తొమ్మిది చూపిస్తోంది.

దారాలు కత్తెరతో కత్తిరించాను. గొట్టం బిగించాను. సున్నా. వీధి చుట్టూ తిప్పి వచ్చి ఆపాను. సున్నా!

"ఈ ముడి ఎవరేశారు?" మావయ్య అడిగాడు. పెద్దమ్మ మేఘాల వైపు చూసింది.
"నేనే."
"నడుముకు బెల్టు కట్టుకోవడం మూడేళ్లు నేర్పినా నీకు రాలేదు కదే!"
"చూశావా, రేపు దారి మధ్యలో ఆగకుండా చేప ముందే ఆపేసింది," అంది పెద్దమ్మ. ఒక చేపను సీటు కింద పెట్టింది. రెండోది చారులోకి.

సాయంత్రం 5:00
ఇంకొక్క చిక్కు. ఈ వారమంతా వ్యాన్ సందుల్లో ఈడ్చుకుంటూ తిరిగింది. ఫిల్టర్‌లో మసి నిజంగానే పేరుకుంది. పెద్ద రోడ్డు మీద అరగంట ఆపకుండా తోలితే ఆ మసి కాలిపోవాలి. ఈ వేళప్పుడు అక్కడంతా రద్దీ. పేర్ల కాగితం ఇంకా మావయ్య జేబులోనే ఉంది.

శపథం మళ్లీ మొదలు. కొలవకుండా ఏదీ మార్చను. ఆ మాట రాయను.

రేపు 5:10, ఇంజన్ ఆపి సున్నా చూడాలి. 5:20, ఖాళీ వ్యాన్‌తో పెద్ద రోడ్డెక్కాలి. 7:00, పిల్లలు ఎక్కాలి.

పదకొండు మందీ వెళ్తారా? 5:50కి కొలిచి రాస్తాను.