దారం మీద వాన

ఇల్లందు,
ఆదివారం.

అలిగి పుట్టింటికి పోయిన పుష్పకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తుదామన్నా మీ తండాలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. అందుకే ఈ ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను.

ముందు నా కోపం సంగతి విను. నువ్వు పోయేనాడు మీ అన్న హాతీరాం నీ సంచి బండి మీద పెట్టుకుంటూ, "పెండ్లాం మంచం మీద వాన పడకుంట సూడలేనోనివి, ఏం మొగోనివి బావా?" అన్నాడు. నువ్వు నవ్వావు. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది. ఊళ్లో బండ్లన్నీ రిపేరు చేసేవాడిని, ఇంటి కప్పు బాగుచెయ్యలేనా? కిరాయి ఇల్లాయె, పెంకు ముట్టుకుంటే ఓనరు భద్రయ్య లొల్లి పెడతాడు. వానల్లో అడిగితే "వానలు పోనియ్ కోటేషూ, సూద్దాం" అంటాడు. ఎండల్లో అడిగితే "ఇప్పుడు వాన ఏడున్నదిరా?" అంటాడు.

నిన్న సాయంత్రం మళ్లీ మొదలైంది. మంచం మీద గిన్నె పెట్టాను. టప్, టప్, టప్. గిన్నె తీసి గోడకు కొట్టాను. అప్పుడు తట్టింది: చుక్క పైనుంచి దూకితేనే కదా చప్పుడు, దూకనివ్వకుండా దించితే? చేపల గాలం తీగ కట్టి చూశాను. నీళ్లు ఒక పక్కకు వేలాడి, సగం దారిలో నా మొహం మీద పడ్డాయి. తీగను కూడా తిట్టాను. తర్వాత నువ్వు అద్దాల రవికె కుట్టే ఎర్ర నూలు దారం తడిపి, కురిసేచోట వాసానికి కట్టాను. కింద బరువుకు బోల్టు నట్టు, దాని కింద బకెట్టు. ఇక నీళ్లు దూకలేదు. నడిచి దిగాయి.

నువ్వు చూడాలి పుష్పా. నీళ్లు దారాన్ని సన్నగా తొడుక్కుంటాయి, అంతలోనే పూసలు కడతాయి. జల్లు పడేటప్పుడు లావు పూసలు దూరం దూరంగా, దారిలో కూర్చున్న చిన్నవాటిని మింగుతూ దిగుతాయి. వాన నిలకడైతే అన్నీ ఒకే ఎడంతో, ఒకే నడకతో, నువ్వు గుచ్చిన దండలా వస్తాయి. జోరైతే భద్రాచలం బస్సెక్కే జనంలా ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్నం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను. పక్కింటి సక్రి అవ్వ తలుపులోంచి తొంగిచూసి, "ఏందిరా, బతికే ఉన్నవా? సప్పుడే లేదు" అంది.

వేరే ఇల్లు చూస్తేనే వస్తానన్నావు. ఇల్లు దొరకలేదు, దారం దొరికింది. మంచం పొడిగా ఉంది. వస్తావో రావో ఒక్క ముక్క రాయి. రాకపోతే పొమ్మని రాద్దామనుకున్నాను గానీ, చెయ్యి రావడం లేదు.

నీ మీద కోపం సగం మిగిలిన
కోటేష్


తండా నుంచి,
మంగళవారం.

దారం దొంగకు,

అడగకుండా నా డబ్బా తెరిచావు, దాని సంగతి వచ్చి చూస్తాను. మా అన్న మాటకు నేను నవ్వలేదు. కోపంలో హెల్మెట్ వెనకది ముందుకు పెట్టుకున్నాడు, దానికి నవ్వాను.

అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను వానకు ఓర్వలేక రాలేదు. ఇక్కడ మా ఇల్లు మూడు చోట్ల కురుస్తుంది, ఆ చప్పుడుకే నిద్రపోయి పెరిగాను. చుక్క పడ్డప్పుడల్లా నువ్వు లేచి భద్రయ్యను, పెంకును, మబ్బును వరసపెట్టి తిడతావు చూడు, నాకు నిద్ర పట్టనిది దానికి. కురిసేది కప్పు కాదు, మా ఆయన నోరని అన్నకు ఎట్లా చెప్పేది? అందుకే కప్పు మీదికి నెట్టాను.

సక్రి అవ్వ అన్న మాట అమ్మకు రెండుసార్లు చదివాను. "గా దారం ఇంక మూరెడుంటే తెమ్మను, మీ నాయనకు గూడ కడదాం" అంది.

రేపటి బస్సుకు వస్తున్నాను. దారం విప్పకు. భద్రయ్యకు బుద్ధి పుట్టి పెంకు మారుస్తానన్నా, నేను చూసేదాకా ఆగమను. వాన రాకపోతే నువ్వే చెంబు పట్టుకుని పైకెక్కి పొయ్యాలి. నేను కింద మంచం మీద కూర్చుని చూస్తాను.

తిట్టకుండా పొయ్యాలి.

పుష్ప