సంతకు పోని లారీ

బట్లహళ్ళి,
3-8-1987

చింతామణి బస్టాండు వీధిలోని వీడియో గేమ్ అంగడి యజమాని అయిన అయ్యకు,

నమస్కారం పెట్టడం లేదు. కోపంగా ఉన్నాను.

నేను మా పంచాయతీ కట్టడం వరండాలో సాయంత్రం ఐదింటికి పెద్దవాళ్ళకు కన్నడ అక్షరాలు నేర్పుతున్నాను. పట్టుపురుగులు మేపేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, మొత్తం ముప్పై మంది. వారిలో పదకొండు మంది పది దినాలుగా తరగతి ఎగ్గొట్టి మీ అంగడిలో నిలబడి నవ్వుతున్నారని తెలిసింది. యంత్రం శ్రమజీవికి మత్తుమందు అని నా దగ్గరున్న చిన్న పుస్తకంలో పదహారో పేజీలో స్పష్టంగా ఉంది.

31వ తేదీ తనిఖీ అధికారి వస్తాడు. ముప్పై మందీ సంతకం చేస్తే నా అక్షర కేంద్రం నిలుస్తుంది. ఒక్కరు తగ్గినా పలకలు, లాంతర్లు, నల్లబల్ల ఎత్తుకుపోతారు. ఎనిమిది రోజుల్లో మీ అంగడి మూయకపోతే మీ వాకిట్లో నిరాహార దీక్ష చేస్తాను.

మీ శత్రువు,
ఈరప్ప

తా.క.: దీక్ష ఉదయం పదింటికి మొదలవుతుంది. అంతకు ముందు మా ఊరినుంచి బస్సు లేదు.

*

చింతామణి,
6-8-1987

కోపంగా ఉండే ఈరప్పకు వాసవాంబ దీవెనలు.

అయ్యా అని రాసినావు. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. చీరల వ్యాపారం నడవక నేనే ఈ పెట్టెలు పెట్టించినాను. ఇకమీదట అమ్మా అను.

నీవాళ్ళు ఆడేదానికి రావడం లేదప్పా, చూసేదానికి వస్తాండారు. మా చెల్లెలి కొడుకు గోవిందరాజు బెంగళూరులో కంప్యూటర్ల పని చేస్తాడు. వాడే ఒక ఆట తయారు చేసి తెచ్చినాడు. తోటలో టమాటా బుట్టలు లారీకెక్కించి సంతకు చేర్చాల. బుట్ట ఎక్కితే పది మార్కులు. ఆడేది మనిషి కాదు, కంప్యూటరే. దానికి దారి చెప్పలేదు, సంత చెప్పలేదు. "మార్కులు పెంచుకో" అని ఒక్కటే చెప్పినాడంట. తప్పులు చేసి చేసి అదే నేర్చుకుంటాది.

ఏం నేర్చుకునిందో తెలుసా? బుట్ట ఎక్కిస్తాది, కింద పడేస్తాది, మళ్ళీ దాన్నే ఎక్కిస్తాది. పొద్దన్నుంచి సాయంత్రం దాకా అదే పని. లారీ తోట దాటదు. మార్కులు మాత్రం ఆకాశం. మీ ఊరి మునివెంకటమ్మ నిన్న తెర దగ్గరికి పోయి, "ఒరే, టమాటాలు కుళ్ళిపోతాయిరా, పోరా సంతకు!" అని తిట్టింది.

దీక్షకు తప్పకుండా రా.

వాసవాంబ

తా.క.: దీక్షలో కాఫీ తాగొచ్చునా? నీ పుస్తకంలో చూసి రాయి. పాలకు ముందే చెప్పాల.

*

బట్లహళ్ళి,
10-8-1987

అనమన్నారు కనుక, అమ్మా,

మీ జాబు చదివి నా ఛాతీ ఉప్పొంగింది. మీకు అర్థం కాలేదు గానీ, ఆ యంత్రం సమ్మె చేస్తోంది! యజమాని సరుకు మోయనని మొండికేసిన కార్మికుడు అది. దాన్ని తిట్టినందుకు మునివెంకటమ్మను తరగతిలో నిలబెట్టి మందలించాను.

ఇక నావాళ్ళు మీ అంగడికి రారు. ఉపాయం చేశాను. సంతకం ఒకసారి చేస్తే పేరు పక్కన ఒక చుక్క, వంద చుక్కలకు ఒక నక్షత్రం. గోడకు పేర్ల పట్టీ కట్టాను. మూడు రోజుల్లో పదకొండు మందీ తిరిగొచ్చారు. అక్షరమాలను ప్రస్తుతానికి పక్కన పెట్టాను, సమయం లేదు. ఎవరిని చూసినా సంతకమే! ముప్పైకి ఇరవై రెండు మంది సిద్ధం.

ఇంకా మీ శత్రువే,
ఈరప్ప

తా.క.: మునివెంకటమ్మకు ఆరు నక్షత్రాలు. పలక చాలక మా మేక మీద కూడా బొగ్గుతో సంతకం పెట్టింది. మేక ఇప్పుడు ఎవరిదని ఇంట్లో తగాదా.

*

చింతామణి,
16-8-1987

నక్షత్రాలు పంచే పంతులుకు దీవెనలు.

నిన్న మునివెంకటమ్మ పట్టుగూళ్ళు అమ్మేదానికి ఇక్కడికి వచ్చింది. తిరిగిపోయేటప్పుడు మీ ఊరి బస్సని బాగేపల్లి బస్సెక్కేసింది. సగం దారిలో తెలిసి, దిగి, ఎదురొచ్చిన బస్సులో వెనక్కొచ్చి, నా అంగడిలో కూచుని ఏడ్చింది.

"బోర్డు చదవలేదా?" అంటే, "నాకు సంతకం వస్తాదమ్మా, చదివేది యాడ వస్తాది?" అనింది. కాగితమిస్తే ముత్యాల్లాగా పేరు రాసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి ఇదేమని అడిగినా. "అది ఒక్కటే ఏమీ కాదమ్మా. అంతా కలిస్తే నేను" అనింది.

ఈరప్పా, ఆ లారీ సమ్మె చేయలేదు నాయనా. అడిగింది అడిగినట్టే చేసింది. గోవిందరాజు దాన్ని తిట్టలేదు. "తప్పు దాన్లో లేదు పెద్దమ్మా. నేను కోరుకునింది ఒకటి, మార్కు పెట్టింది ఇంకోదానికి" అని తన తల తానే కొట్టుకున్నాడు.

చుక్కలు పెట్టింది ఎవరప్పా?

వాసవాంబ

తా.క.: ఇప్పుడు సంతలో దించితేనే మార్కు అని మార్చినాడు. మొదటి రెండు దినాలు ఒక్క మార్కూ రాలేదు. ఇప్పుడు లారీ పోతాండాది.

*

బట్లహళ్ళి,
19-8-1987

అమ్మా,

మీ జాబు చించేశాను. నాకు నీతులు చెప్పకండి. ఇంకా ఎనిమిది మందికి సంతకం రాదు. ఇప్పుడు అక్షరాలకు మళ్ళితే ఆ ఎనిమిది మందీ తప్పుతారు, కేంద్రం పోతుంది. రెండేళ్ళు తిరిగి సంపాదించిన కేంద్రం అది!

ఈరప్ప

తా.క.: ముక్కలను అన్నం మెతుకులతో అతికించి మళ్ళీ చదివాను.

ఇంకో తా.క.: మునివెంకటమ్మ పేరులోని మొదటి అక్షరం ఒక్కటే పలకమీద రాసి చూపించాను. "ఎవురి పేరప్పా ఇది?" అంది. గోడమీది పట్టీ చింపేశాను. దాన్ని అతికించలేదు.

*

బట్లహళ్ళి,
1-9-1987

పూజ్యులైన వాసవాంబమ్మకు ఈరప్ప నమస్కారాలు.

నిన్న అధికారి జీపులో వచ్చాడు. ఇరవై రెండు మంది సంతకాలు చేశారు. ఎనిమిది మంది మాకు రాదన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన మాత్రం నవ్వుతూ, అయిపోయింది లెమ్మన్నట్టు "ఆయ్తు, ఆయ్తు" అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

మునివెంకటమ్మ మెడ చాచి ఆయన చేతిలోని కాగితం చూసింది. పట్టీ చింపాక మళ్ళీ అక్షరాలే చెప్పాను, ఆమెది పన్నెండు రోజుల చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంది: "మూ... వ... త్తు." కన్నడంలో ముప్పై. తర్వాత గట్టిగా, "సామీ, ఈడ మూవత్తు అని రాసుండారే! మేము ఇరవై రెండు మందే కదా?" అంది.

జీపెక్కకముందే రాసుకొచ్చాడమ్మా! ఆయనకూ పైనెవరో చుక్కలు పెడుతున్నట్టుంది. ముఖం ఎర్రబడి, ముప్పై కొట్టేసి ఇరవై రెండు వేశాడు. నియమం ప్రకారం కేంద్రం రద్దు. పలకలు, లాంతర్లు, నల్లబల్ల జీపెక్కాయి.

ఆమె నోరు మూసుకునుంటే అన్నీ మిగిలేవి. నాకు కోపం రావాలి. ఎంత వెతికినా రాలేదు. ఆమె జీవితంలో చదివిన మొదటి మాట ఒక పెద్దమనిషి రాసిన అబద్ధం. పట్టేసుకుంది!

ఈరోజు ఎవరూ రారనుకుంటూ ఐదింటికి వరండాలో కూర్చున్నాను. ముప్పై తొమ్మిది మంది వచ్చారు, బొగ్గులూ పెంకు ముక్కలూ పట్టుకుని. కొత్తవాళ్ళు ఒకటే మాట: "మాకు సంతకం వద్దప్పా. ఆయమ్మ చదివినట్టు చదివేది చెప్పు."

మీ అంగడి మూయిద్దామని మొదలుపెట్టాను. మీరు నా కేంద్రం మూయించారు. ఈ మేలు ఎన్నటికీ మరువను.

ఇక శత్రువు కాని,
ఈరప్ప

తా.క.: కవరు మీద చిరునామా మునివెంకటమ్మ రాసింది. పోస్ట్‌మ్యాన్ కసురుకుంటే మీరే సర్దిచెప్పండి, మొదటి అక్షరం మూడుసార్లు కొట్టేసింది. తన పేరు కాకుండా ఆమె రాసిన మొదటి పేరు మీది.